టీ గ్లాసులో పదిహేడు లక్షలు

గత నెల మా ఊరి కల్యాణ మండపంలో ఒక పొదుపు సదస్సు జరిగింది. కోనసీమలో కల్యాణ మండపానికి జనం డబ్బు వదిలించుకోవడానికి వెళతారే గాని, దాచుకోవడం నేర్చుకోవడానికి వెళ్లినట్టు నాకు జ్ఞాపకం లేదు. పట్నం నుంచి కారులో వచ్చిన వక్త గారు తెర మీద ఒక టీ గ్లాసు బొమ్మ వేసి, దొంగను పట్టుకున్న ఎస్సై గారిలా దాని వంక కాసేపు చూసి, లెక్క మొదలుపెట్టారు. గ్లాసు పది రూపాయలు, రోజుకు రెండు, ఏడాదికి 7,300 రూపాయలు. ఆ సొమ్మును తాగకుండా ఏటా దాచి 12 శాతం చొప్పున 30 ఏళ్లు పెంచితే 17 లక్షల 60 వేలు. అంటే ఇన్నాళ్లూ మనం తాగింది టీ కాదు, ఇంటిస్థలం. ఆ 12 శాతం ఒక్క ఏడాది కూడా తప్పకుండా 30 ఏళ్లపాటు ఎవరిస్తారన్నది ఆయన చెప్పలేదు, సభామర్యాద తెలిసిన వాళ్లం కనుక మేమూ అడగలేదు.

రోగం చెప్పాక మందు చెప్పారు. నెలరోజులపాటు ప్రతి రూపాయినీ ఖర్చు పెట్టిన మరుక్షణమే పుస్తకంలోనో ఫోనులోనో రాసుకోవాలట. అది మనకేదో కొత్త విద్య అయినట్టు! చిట్టా, ఆవర్జా రాసిన తాతల మనవలం. గోడ క్యాలెండరు మీద పాలు రాని రోజుకు సున్నా చుట్టే ఇల్లాళ్లున్న ప్రాంతం. పెళ్లిలో ఎవరెంత చదివించారో ముప్పై ఏళ్ల తర్వాత పుస్తకం తీసి చూసి, దాని మీద నూటపదహార్లు కలిపి తిరిగి చదివించే జాతి. అయినా పెద్దలు చెప్పారు కదా అని నేను మరునాడే ఫోనులో ఆ లెక్కల యాప్ పెట్టించుకున్నాను.

అందులో నాలుగే గడులున్నాయి: ఆహారం, ప్రయాణం, వినోదం, ఇతరములు. మొదటి రోజే కూరగాయలావిడ కొసరుగా వేసిన కరివేపాకు దగ్గర బండి ఆగిపోయింది. డబ్బివ్వలేదు కనుక అది ఖర్చు కాదు, సరుకు ఇంట్లోకి వచ్చింది కనుక ఆదాయమా? మూడో రోజు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పెళ్లికి వెళ్లాము. పంటు టిక్కెట్టు ప్రయాణంలో ఇమిడింది గాని, చదివింపులు ఏ గడిలోనూ పట్టలేదు. ఇక వరద నీరు రాగానే పులస వచ్చింది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సీమలో దానిని 'ఆహారం' అనే గడిలో, ఉల్లిపాయల పక్కన రాయడానికి నాకు చెయ్యాడలేదు. "ఏవండీ, మాంగల్యం ఖాతా ఒకటి తెరవండి" అని మా ఆవిడ సలహా ఇచ్చింది.

అసలు సంగతి టీ కొట్టు దగ్గర చూడాలి. సదస్సుకు వెళ్లొచ్చిన వాళ్లం నలుగురం కాలవగట్టు మీద కొట్టుకు చేరి, ఎవరూ ముందుగా చెప్పకుండా ఒకరి ముఖాలొకరం చూసుకుంటూ నిలబడ్డాము. చివరకు ఒకాయన సాహసించి వన్ బై టూ చెప్పారు. గ్లాసు చేతికి రాగానే తాగవలసిన నోరు ఆగిపోయి, రాయవలసిన వేళ్లు లేచాయి. అయిదు రూపాయలు నీ పేర రాయాలా, పది నా పేర రాసి అయిదు నీ బాకీగా చూపాలా అన్న చర్చ టీ మీద మీగడ కట్టే దాకా నడిచింది. ఇంతలో మూడో ఆయన, నిన్న తన డబ్బులు నేనిచ్చాను కనుక అది తనకు రాబడి అవుతుందని, నేను దానిని ఖర్చుగా రాసుకున్నానో లేదో చూపించమని పట్టుబట్టారు. నాలుగో ఆయన టీ తాగనే లేదు; తాగని పది రూపాయలను పొదుపు కింద రాసుకుని, ఆ సంతోషంలో రెండు గారెలు తిన్నారు. ఇదంతా చూస్తూ పాలగిన్నెలో గరిటె తిప్పుతున్న కొట్టు యజమాని మెల్లగా అడిగాడు: "మేష్టారండీ, తమరందరూ తాగకుండా దాచేసిన డబ్బులు నేను ఏ గడిలో రాసుకోవాలండీ?" ఆ ప్రశ్నకు సమాధానం యాప్‌లోనూ లేదు.

ఏనుగులు దూరే సందు వదిలేసి చీమలు దూరే సందు మూయడమంటే ఇదే. కాటన్ దొర ఈ గోదావరికి లెక్క కట్టాలనుకున్నప్పుడు మా పెరటి బోదె దగ్గర గట్టు వేయలేదు. 1847లో ధవళేశ్వరం వెళ్లి, నది దగ్గరే పని మొదలుపెట్టి, 1852కు ఆనకట్ట పూర్తి చేశాడు. ఈ వక్త గారైతే ముందు చెంబులో నీళ్లు కొలవమనేవారు.

ఆ రోజు సభలో చివరి వరుసలో ఒక కౌలు రైతు కూర్చున్నాడు. రెండెకరాలు చేస్తాడు. రెండు పంటలకూ కలిపి ఎకరానికి ముప్పై బస్తాల కౌలు, అంటే అరవై బస్తాలు. 2024-25లో క్వింటాలు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర 2,300 రూపాయలు కనుక 75 కిలోల బస్తా 1,725. కౌలు ఒక్కటే లక్షా మూడు వేల అయిదు వందలు. ఆ ధరైనా తేమ 17 శాతం దాటకపోతేనే, కోతల వేళ వాన పడకపోతేనే. పెట్టుబడికి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ మీద తెచ్చిన లక్షకు ఏడాదికి 24,000. మూడేళ్లపాటు టీ చుక్క ముట్టకపోయినా అతని ఒక్క ఏడాది వడ్డీ తీరదు! పొలం కాగితం ఉన్నాయన ఏ నగరంలో కూర్చున్నా 3 లక్షల దాకా పంటరుణం 7 శాతానికి తెచ్చుకోవచ్చు, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. బురదలో దిగినవాడికి 24 శాతం. 2019లో సాగుదారులకు హక్కు పత్రాలిస్తామని చట్టం చేసి, అందుకు భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని ఆయన పెట్టడు. 2011 ఖరీఫ్‌లో ఇదే కోనసీమలో సాగు గిట్టక రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. పాపం, టీ మానేస్తే సరిపోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబోలు. చెప్పడానికి సిగ్గుండాలి! ఆ మనిషి రోజంతా ఒంగి లేచాక గట్టు మీద కూర్చుని తాగే ఆ గుక్కెడు వేడినీళ్ల మీదా మీ కన్ను? అతని ఇంటికి దారిద్ర్యం ఆ గ్లాసులోంచి వచ్చిందా?

సదస్సు ముగిశాక అట్ట మీద లక్ష్మీదేవి బొమ్మ ఉన్న పుస్తకాలు తలా ఒకటి పంచారు. అతను తీసుకోలేదు. వక్త గారు నవ్వుతూ, రాసుకోవడం అలవాటు లేదా అని అడిగారు.

"మా పద్దు షావుకారు గారు రాస్తారండీ," అన్నాడు. "ఒక్క రోజు కూడా మర్చిపోరండి, ఆయ్."

వచ్చే నెల రెండో సదస్సు ఉందని సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. విచ్చేసిన వారందరికీ టీ, బిస్కట్లు ఉచితమట.