నా కుడి కంటికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడి కన్ను గారికి నమస్కారాలు.

నిన్నటి ఎయిర్ పిస్టల్ మ్యాచ్‌లో మీరు చేసిన ఘనకార్యానికి కృతజ్ఞతలు చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలు. 60 షాట్లలో 58 దాకా ఎంత బుద్ధిగా ఉన్నారండీ! 59వ షాట్‌కి, ట్రిగ్గర్ కదులుతున్న ఆ అర క్షణంలో, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, పిస్టల్ ముందు కొసన గురి చూసుకునే ఫ్రంట్ సైట్‌ను వదిలేసి టార్గెట్ మీదికి దూకారు. మానిటర్ మీద పదికి 7 పడింది. తెలుగులో చదువుకుంటే ఇంకా బాగుంటుంది. ఏడు.

మన ఒప్పందం అది కాదు కదండీ. పిస్టల్ వెనక కొసన ఉండే సైట్ గాడి, ఆ గాడి మధ్యలో కనపడాల్సిన ఫ్రంట్ సైట్, 10 మీటర్ల అవతల నల్లటి గుండ్రం: మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. ఒకసారికి ఒక్క దూరమే మీకు స్పష్టంగా ఆనుతుంది. అది మీ తప్పు కాదు, మీ తయారీయే అంత. అందుకే ఫ్రంట్ సైట్ అంచు కత్తిలా కనిపించాలనీ, టార్గెట్ బూడిద మచ్చలా ఉన్నా ఫర్వాలేదనీ అనుకున్నాం.

లెక్క కూడా చెప్పాను. చెయ్యి ఊగి పిస్టల్ మొత్తం 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా, సైట్లు రెండూ కుదురుగా ఉంటే పెల్లెట్, అంటే పిస్టల్ గుండు, కూడా ఆ అయిదే జరుగుతుంది. 10 ఎక్కడికీ పోదు. అదే గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగిందా, సైట్ల మధ్య ఉన్నది 33 సెంటీమీటర్లే కాబట్టి, టార్గెట్ చేరేసరికి అది 30 మిల్లీమీటర్లవుతుంది. అంటే 7. అంటే నిన్నటి మీ నిర్వాకం.

ఎడమ కన్ను గారు బ్లైండర్ అనే అడ్డుముక్క చాటున సెలవు పెట్టి కూర్చున్నారు, ఆవిడ సంగతి వదిలేద్దాం. చూపుడు వేలికి పేరే చూపుడు, చూసే బాధ్యత మాత్రం మీది.

షూటింగ్ అనగానే ప్రతివాళ్లూ అర్జునుడి కథ ఎత్తుకుంటారు. పక్షి కన్ను తప్ప ఇంకేమీ కనపడలేదట! మిమ్మల్ని చెడగొట్టింది ఆ కథే. చేతిలో పిస్టల్ ఉంటే ద్రోణుడికి చెప్పాల్సిన జవాబు వేరు: "గురువుగారూ, బాణం మొన బ్రహ్మాండంగా కనిపిస్తోంది. చెట్టు మీద ఏదో మసగ్గా ఉంది, పక్షే అయ్యుంటుంది."

అసలు నీకేం తొందర? అవును, నువ్వే! పెల్లెట్ బారెల్ దాటకముందే ఎక్కడ తగిలిందో చూసేయాలా? చెప్పడానికి మానిటర్ ఉంది కదా! ఫ్రంట్ సైట్ దూరానికి సరిపోయేలా నీకోసం విడిగా అద్దం చేయించానే, అది పెట్టుకుని కూడా పక్కచూపులా? నిన్ను నమ్ముకుని గంటసేపు ఒంటిచేత్తో బరువు మోశానే!

సరే, 59వ షాట్‌కి నాదీ తప్పుంది. పది సెకన్లు దాటినా పిస్టల్ దించకుండా మొండికేశాను. నువ్వు అప్పటికే అలిసిపోయావు. నలభై దాటాక చెయ్యి చాచినంత దూరంలో ఉన్నదాన్ని పట్టుకుని ఉండడం ఎంత కష్టమో, పేపర్ చదివేటప్పుడు నాకూ తెలుస్తూనే ఉంది.

60వ షాట్‌కి టార్గెట్ ఎక్కడుందో నాకే సరిగ్గా తెలియలేదు. ఫ్రంట్ సైట్ అంచు మీద చిన్న గీత కూడా కనపడింది, ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడనిది. 10 పడింది. నాకంటే ముందు మానిటర్ వైపు తిరిగింది నువ్వే. దానికి మాత్రం ఏమీ అనను.

ఇట్లు,
నీ వెనకాల ఉండేవాడు