సూది రాసిచ్చారు సరే, నేర్పిందెవరు?

ఇన్సులిన్ మొదలుపెట్టాలని డాక్టరు చెబితే మన ఇళ్లలో ఇప్పటికీ 'ఇక అంతే' అన్నట్టు మొహాలు పెడతారు. ఆ భయం తప్పు అని ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. అయితే తప్పంతా జనం మీదికి తోసేయడం నాకు మింగుడుపడదు. చీటీ రాసి పంపేసి, ఎలా పొడుచుకోవాలో చూపించకపోతే భయపడక ఏం చేస్తారు?

సిరంజి సంగతే తీసుకోండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు. 100 యూనిట్లదీ ఉంది. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూతది. 20 యూనిట్లు వేసుకోవాల్సిన మనిషి 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50. షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావడం. అదే 40 సీసాకు నారింజ మూత సిరంజి వాడితే వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, మందు పనిచేయట్లేదని డోసు పెంచుతారు. మూత రంగులో ఇంత కథ ఉందని చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలే ఎవరికీ దొరకవు!

పొడిచే చోటుదీ అదే తంతు. రోజూ ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి మళ్లీ అక్కడే పొడుస్తారు, మందు సరిగా ఒంటికి పట్టదు. పొట్ట మీదైతే బొడ్డుకు కాస్త దూరంగా, లేదా తొడ మీద, రోజుకో చోటు మార్చాలని మొదటి రోజే చెప్పాలి.

పెద్దవాళ్లకు చూపు ఆనదు, చేతులు వణుకుతాయి, ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకోవడమే నయం అనేవాళ్లున్నారు. కొందరి విషయంలో నిజమే, అప్పుడు ఇంట్లో ఇంకొకరికి నేర్పాలి. రెగ్యులర్ ఇన్సులిన్ తిండికి అరగంట ముందు పడాలి. ఆర్‌ఎంపీ బండి మన కంచం టైముకి వస్తుందా? టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ ఊరని రకం షుగర్) ఉన్న బడిపిల్లాడికి మధ్యాహ్నం సూది ఎవరు వేస్తారు?

తెలంగాణ పల్లె దవాఖానాల్లో, ఆంధ్రప్రదేశ్ విలేజ్ క్లినిక్‌లలో నర్సులున్నారు. మొదటి వారం వాళ్లు సూది వేయకూడదు, పేషెంటు తన చేత్తో వేసుకుంటుంటే పక్కనుండి చూడాలి.

అసలు రోగం ఇంకోటుంది, భాష. పురుగుమందు డబ్బాలో స్థానిక భాషలో కరపత్రం పెట్టాలని నిబంధనలున్నాయి. పత్తి చేలో కొట్టే మందుకున్న ఆ మర్యాద ఒంట్లోకి ఎక్కించుకునే మందుకు లేదు. ఇన్సులిన్ సీసా మీద తెలుగక్షరం వెతికినా కనబడటం అరుదు. 40, 100 అన్న అంకెలే చీమతలకాయంత ఉంటాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. అందరికీ ఇన్సులిన్ అక్కర్లేదు గానీ, అవసరమైనవాళ్లలో ఇంగ్లిష్ చదవలేనివాళ్లు లెక్కలోకి రారా? లేబుల్ మార్చాలంటే కేంద్రం కదలాలి, ఒప్పుకుంటాను. సర్కారు ఆస్పత్రిలో సీసాతో పాటు ఒక తెలుగు కాగితం చేతిలో పెట్టడానికి మాత్రం రెండు రాష్ట్రాలూ ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు.