‘ఆప్షన్ ఇవ్వకుండా పాపం నాకు అంటగడితే ఎలా?’ అనేవాళ్లకు

‘స్పెక్ ఆప్స్: ది లైన్’ అనే వీడియో గేమ్ ప్రస్తావన వచ్చిందంటే చాలు, ఒకే వాదన మొదలవుతుంది: ‘యుద్ధ వ్యతిరేక గేమ్ అంటారు గానీ అంతా బుకాయింపు. మనుషుల్ని మాడ్చేసే తెల్ల భాస్వరం గుళ్లు మన చేత తనే వేయిస్తుంది, వేరే దారి ఇవ్వదు, తర్వాత నువ్వే హంతకుడివంటుంది. ఆడటం ఆపేయాల్సిందని నీతులు చెబుతుంది. పైగా గేమ్‌ప్లే సాదాసీదా. అందుకే అమ్మకాల్లోంచి కూడా తీసేశారు.’ 2012 నాటి ఆట కాబట్టి కథ మొత్తం విప్పేసే మాట్లాడతాను. ఆడనివాళ్లు ఇక్కడే ఆగండి.

చివరి ముక్క తేలిగ్గా తేలిపోతుంది. 2024 జనవరిలో ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేసిన మాట నిజం. కారణం గేమ్‌కు సంబంధించిన కొన్ని భాగస్వామ్య లైసెన్సుల గడువు తీరడమని ప్రచురణకర్త చెప్పారు. గేమ్ బాగుందా లేదా అన్నదానికీ దానికీ సంబంధం లేదు. ముందే కొన్నవాళ్లు ఇప్పటికీ ఆడుకోవచ్చు.

గేమ్‌ప్లే సాదాసీదాయేనా? అవును. గోడ చాటున నక్కడం, కాల్చడం, ఇంకో గోడ చాటుకు ఉరకడం. ‘విసుగు పుట్టించాలనే అలా చేశారు’ అని వెనకేసుకొచ్చే అభిమానుల మాట నేను నమ్మను. మల్టీప్లేయర్ (నలుగురూ ఆన్‌లైన్‌లో కలిసి ఆడే భాగం) అయితే అతుకుల బొంత, ఆ మాట గేమ్ లీడ్ డిజైనరే బాహాటంగా అన్నాడు. కానీ చెవులు పెట్టి ఆడండి. మొదట్లో, మనం నడిపే పాత్ర కెప్టెన్ వాకర్ ఇచ్చే ఆర్డర్లు శిక్షణ పొందిన సైనికుడివి. చివరికొచ్చేసరికి అవే ఆర్డర్లు బూతులతో కూడిన అరుపులు. పడిపోయిన శత్రువును చంపే తీరూ రానురాను క్రూరమవుతుంది.

ఇక అసలు సంగతి, భాస్వరం. వేరే దారి లేదన్నది ముమ్మాటికీ నిజం. మామూలు తుపాకీతో నెగ్గుకొద్దామంటే సైనికులు వస్తూనే ఉంటారు, మనమే చస్తాం. అయితే ఆ భాస్వరం గుళ్లు పేల్చే మోర్టార్ ముట్టుకోకముందు నడిచే మాటలు గుర్తున్నాయా? ఎప్పుడూ ఇంకో దారి ఉంటుందంటాడు వాకర్ జట్టులోని సైనికుడు లూగో. లేదు, నిజంగానే లేదంటాడు వాకర్. అంటే ‘నాకు ఆప్షన్ ఇవ్వలేదు’ అనే మీ ఫిర్యాదు సాక్షాత్తూ వాకర్ డైలాగే! అతనికి అప్పజెప్పిన పనేమిటి? ఇసుక తుపాన్లలో కూరుకుపోయిన దుబాయ్‌లో ఎవరైనా బతికున్నారేమో చూసి, రేడియోలో కబురు పెట్టడం. అంతే. ఆ తర్వాతి అడుగులన్నీ తనకు తాను వేసుకున్న డ్యూటీ. మనమూ ఏమీ అడక్కుండా వెంట నడిచాం, షూటర్ గేముల్లో ముందుకు పోవడమే మనకు అలవాటు కాబట్టి.

ఆ మోర్టార్‌తో గురిచూసే తెరను కూడా గమనించండి. నలుపు తెలుపు బొమ్మ, అందులో మనుషులు తెల్లటి చుక్కలు. 2007 నాటి యుద్ధ గేమ్ ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4’లో విమానంలోంచి ఇలాంటి చుక్కల్నే కాల్చి కేరింతలు కొట్టాం. ఇక్కడ ఆ తెర మీద వాకర్ ముఖం నీడలా కనిపిస్తూనే ఉంటుంది. పని అయ్యాక కాలిపోయిన సైనికుల మధ్య నెమ్మదిగా నడిపిస్తుంది. ‘ఎందుకు?’ అంటాడొకడు. మేం సాయం చేస్తున్నామని కూడా ఆ సైనికుడే అంటాడు. కాస్త ముందుకెళితే, బిడ్డ కళ్లు చేత్తో మూసి అలాగే మాడిపోయిన తల్లి. రచయితల ఊహలో పుట్టిన ఆయుధం కాదిది. 2004లో ఫలూజాలో వాడామని అమెరికా సైన్యం మరుసటి ఏడాది ఒప్పుకుంది.

పోనీ, ఆట అంతా ఇలా కాళ్లూ చేతులూ కట్టేసేదేనా? లూగోను జనం ఉరి తీశాక, అదే గుంపు మన మీద రాళ్లు రువ్వుతుంది. తెర మీద ఏ సూచనా రాదు. జనంలోకి కాల్చొచ్చు. గాల్లోకి కాల్చినా చెదిరిపోతారు. నేను మొదటిసారి ఏం చేశానో చెప్పను.

ఆట ఆపేయడమూ ఒక ముగింపేనన్నది రచయిత వాల్ట్ విలియమ్స్ మాట. డబ్బు పెట్టి కొన్నవాడికి అది చిరాకే, ఒప్పుకుంటాను. లోడింగ్ తెర మీద ‘ఇప్పటికైనా హీరోలా అనిపిస్తోందా?’ అని పొడవడం కూడా నాకు కాస్త అతిగానే తోచింది.

నిజంగా నిలదీయాలంటే దుబాయ్ గురించి నిలదీయండి. జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లల్లో ఆ ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది మేడలు కట్టిన మనవాళ్లు. గేమ్‌లో ఆ మేడలన్నీ ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. వాటిని కట్టిన వలస కూలీకి మాత్రం కథలో పేరున్న పాత్ర ఒక్కటీ లేదు.