స్కానింగ్ సాఫ్ట్‌వేర్: కంపెనీదా, మనదా?

అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ సన్నని సూదిమొనతో ఉపరితలాన్ని గీత వెంట గీతగా తడుముతూ ఎత్తుపల్లాలను కొలుస్తుంది. 1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. దాన్ని నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి ల్యాబ్ సొంత ప్రోగ్రాం రాసుకోవాలా అన్నదే ఇక్కడ ఒక పీహెచ్‌డీ విద్యార్థినికీ ల్యాబ్ ఇన్‌ఛార్జికీ మధ్య వాదం. నా మొగ్గు విద్యార్థిని వైపే. అయినా ఇన్‌ఛార్జి చెప్పే ఇబ్బందులు ఊరికే కొట్టిపారేసేవి కావు.

విద్యార్థిని: సార్, మన మైక్రోస్కోప్ కంప్యూటర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయింది. వైరస్ భయంతో నెట్‌వర్క్‌కి కలపం, డేటా అంతా పెన్‌డ్రైవ్‌లో మోస్తున్నాం. కంపెనీ కొత్త వెర్షనేమో, సిగ్నళ్లకూ అంకెలకూ మధ్య మార్పిడి చేసే మన పాత కార్డును గుర్తించదు. మన ప్రోగ్రాం మనమే రాసుకుందాం.

ఇన్‌ఛార్జి: ఆ ప్రోగ్రాం ఏం చేయాలో ముందు ఆలోచించమ్మా. సూదిని మోసే సన్నని పలక, అదే కాంటిలివర్, ఎంత వంగిందో లేజర్ చూస్తుంటుంది. ఆ వంపు మనం పెట్టిన విలువ (సెట్‌పాయింట్) దగ్గరే నిలిచేలా, కొలుస్తూ సర్దుతూ ఉండే ఫీడ్‌బ్యాక్ లూప్ పీజోను, అంటే వోల్టేజ్ ఇస్తే సాగే భాగాన్ని, పైకీ కిందికీ కదుపుతుంది. ఈ సర్దుబాటు సెకనుకు వేలసార్లు జరగాలి. మధ్యలో నీ కంప్యూటర్ అర సెకను ఆగిందనుకో, సూది వెళ్లి ఎదురుగా ఉన్న గుట్టకి గుద్దుకుంటుంది. మొన పోతుంది, శాంపిల్ గీరుకుపోతుంది.

విద్యార్థిని: లూప్‌ని కంప్యూటర్‌లో పెడదామని నేననలేదు సార్. అది మైక్రోస్కోప్‌ను నడిపే కంట్రోలర్ పెట్టెలో, ఇలాంటి వేగమైన పనికి వాడే డీఎస్పీ చిప్‌లోనో ఎఫ్‌పీజీఏ చిప్‌లోనో నడవాలి. కంప్యూటర్ గెయిన్ (లూప్ ఎంత గట్టిగా స్పందించాలో), సెట్‌పాయింట్, స్కాన్ సైజ్ పంపి, వచ్చిన డేటాను అందుకుంటుంది, అంతే. లినక్స్ మీద నడిచే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం జీఎక్స్ఎస్ఎం పద్ధతీ ఇదే. కంప్యూటర్ ఆగినా లూప్ ఆగదు.

ఇన్‌ఛార్జి: సరే, ఒప్పుకుంటాను. మరి కార్డు సంగతో? దానికి 16 బిట్లు, అంటే 65,536 మెట్లు. మన పీజో 10 మైక్రాన్లు కదులుతుంది. ఒక్కో మెట్టు 0.15 నానోమీటర్లు పడుతుంది. గ్రాఫైట్‌లో ఒక పొర ఎత్తు 0.335. నీ డేటాలో ఆ పొర రెండు మెట్లకే అయిపోతుంది.

విద్యార్థిని: చదునైన శాంపిల్‌కి అంత రేంజి ఎందుకు సార్? పీజోకి వోల్టేజ్ పెంచి ఇచ్చే హై వోల్టేజ్ యాంప్లిఫయర్ గెయిన్ పదోవంతుకి తగ్గిస్తే మెట్టు 0.015 అవుతుంది. నా బాధ కార్డు గురించి కాదు, ఫైలు గురించి. స్క్రీన్ మీది బొమ్మను సాఫ్ట్‌వేర్ అప్పటికే చదును చేసి చూపిస్తోంది. ప్రతి గీతకూ ఒక వాలు లెక్కగట్టి తీసేస్తుంది. ఆ గీతలో పెద్ద కణం ఉంటే వాలు లెక్క తప్పి, కణానికి అటూ ఇటూ లేని గుంటలు పుడతాయి. ఆ గుంటలతో కలిపే రఫ్‌నెస్ (గరుకుదనం) లెక్కేసి పేపర్లో పెడితే, చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఇన్‌ఛార్జి: ముడి డేటా సేవ్ చేసుకునే ఆప్షన్ మెనూలో ఉంది. టిక్ పెట్టనిది మనవాళ్లు.

విద్యార్థిని: ముడి డేటా అనేది అడిగితేనే దొరికేలా ఉండకూడదు సార్. అదే అసలు ఫైలు కావాలి. ట్రేస్, రీట్రేస్ (సూది వెళ్లేటప్పటి, తిరిగొచ్చేటప్పటి కొలతలు), ఎర్రర్ సిగ్నల్ (వంపు సెట్‌పాయింట్ నుంచి ఎంత తప్పిందో), గెయిన్లు, స్కాన్ వేగం, పీజో కాలిబ్రేషన్ అన్నీ అందులోనే ఉండాలి. ఎర్రర్ సిగ్నల్ లేకపోతే సూది ఉపరితలాన్ని సరిగ్గా అనుసరించిందో లేదో తర్వాత తేల్చడం చాలా కష్టం. ఉచితంగా దొరికే గ్విడియన్ ప్రోగ్రాం చాలా కంపెనీల ఫైళ్లు తెరుస్తుంది, నిజమే. ఫైల్లో రాయని సెట్టింగును అది మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇన్‌ఛార్జి: నువ్వు పీహెచ్‌డీ పూర్తిచేసి వెళ్లిపోతావు. తర్వాత ఈ ప్రోగ్రాం ఎవరు చూస్తారు? ఫోన్ చేస్తే కంపెనీ ఇంజినీరైనా వస్తాడు.

విద్యార్థిని: ఆ మోడల్ ఆపేశామంటే ఆయనా రాడు సార్. సోర్స్ కోడ్ ఉంటే తర్వాతివాళ్లు చదువుకోగలరు.

ఇన్‌ఛార్జి: చదివేలా రాస్తేగా! సరే, ఇలా చెయ్యి. సూదిని కదిపే పని కంపెనీ కంట్రోలర్‌కే వదిలెయ్. దాని వెనక కేబుల్ తగిలించే బీఎన్‌సీ అవుట్‌పుట్లున్నాయి. హైట్, ఎర్రర్, లైన్ సింక్ (ప్రతి గీత ఎప్పుడు మొదలైందో చెప్పే సంకేతం) అక్కణ్ణుంచి తీసుకుని నీ ప్రోగ్రాంతో రికార్డు చెయ్. ఎత్తు తెలిసిన కాలిబ్రేషన్ గ్రేటింగ్ మీద స్కాన్ చేసి, రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూపించు.

విద్యార్థిని: 512 గీతలు, సెకనుకొకటి చొప్పున ఎనిమిదిన్నర నిమిషాలు. తప్పు కంపెనీ ఫైల్లో కనబడితే?

ఇన్‌ఛార్జి: అప్పుడు స్కాన్ కంట్రోల్ కూడా నీ ప్రోగ్రాంకి ఇచ్చే సంగతి మాట్లాడదాం. నీ ఫైల్లో కనబడితే మాత్రం కోడ్ మొత్తం ఇద్దరం కూర్చుని చదవాలి.