‘ఎవరి పాత్ర వారిది’ అన్న మెసేజ్‌కు నా జవాబు

నెల రోజులుగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. ఒడిశాలోని బరంపురంలో ఉన్న మాకు, సరిహద్దు దాటితే ఆంధ్రలో ఇచ్ఛాపురంలో ఉన్న మా అత్తవారికి, సూరత్‌లో పనిచేస్తున్న తమ్ముళ్లకు, అందరికీ అదే వచ్చింది. మగవాడు సంపాదించాలి, ఆడది ఇల్లు చూసుకోవాలి, ఇది ప్రకృతి ధర్మం అంటుంది ఆ మెసేజ్. పూర్వం ఎవరి పాత్ర వారికి తెలుసు కాబట్టి విడాకులు లేవు, టెన్షన్లు లేవు అంటుంది. ఆడపిల్ల అంటేనే ‘ఆడ’ పిల్ల, అంటే అక్కడి పిల్ల, పుట్టింటి ఆస్తి మీద ఆశ పెట్టుకోకూడదు అంటుంది. చివరికి, ఒడిశాలో ఉన్న మన తెలుగు నిలబడాలంటే ఆడపిల్లలు ఉద్యోగాలంటూ గడప దాటకూడదని ముగిస్తుంది. దీన్ని మా గ్రూపులో పెట్టింది మా చిన్నాన్న. ఆయనంటే నాకు చాలా గౌరవం. అందుకే ఊరుకోలేక ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు ‘ప్రకృతి ధర్మం’ సంగతి. ప్రకృతి ధర్మమైతే అన్ని ఇళ్లలోనూ ఒకేలా ఉండాలి కదా. మా వీధిలో పక్కపక్క ఇళ్లలోనే ఒకేలా లేదు. మా ఇళ్లలో మేనరికం మామూలు. మా అమ్మమ్మను ఆవిడ సొంత మేనమామకే ఇచ్చారు. పక్కింటి ఒడియా వాళ్లు ఆ మాట వింటేనే చెవులు మూసుకునేవారు. వాళ్లకు మేనమామ తండ్రిలాంటివాడు, మేనమామ కొడుకు సొంత అన్నలాంటివాడు.

నాకు పదేళ్లప్పుడు మా బావ సెలవులకు వచ్చాడు. అంతకుముందు ఏడాది దాకా మేమిద్దరం కలిసి గోళీలాడినవాళ్లమే. ఆ ఏడు మాత్రం ‘బావ ముందు అలా గెంతకూడదే, లోపలికి రా’ అని నన్ను పిలిచి తలుపు దగ్గర కూర్చోబెట్టారు. అదే వారం పక్కింట్లో నా ఈడు పిల్ల, తన మేనమామ కొడుకు పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో పఖాళ, అంటే ఒడియా వాళ్ల చద్దన్నం, తింటోంది. ఇద్దరు పిల్లలం, మధ్యలో ఒక్క గోడ. చుట్టరికమూ ఒక్కటే. నేను సిగ్గుపడటం నేర్చుకున్నాను, ఆ పిల్లకు ఆ అవసరం రాలేదు. నా సిగ్గు పుట్టుకతో వచ్చిందని చాలా ఏళ్లు అనుకున్నాను. అది నాకు తలుపు దగ్గర కూర్చోబెట్టి నేర్పినది.

ఇంకొకటి కూడా చెప్పాలి. రెండేళ్లకోసారి చైత్రంలో మా ఊళ్లో బుఢీ ఠాకురాణీ యాత్ర జరుగుతుంది. మొక్కుకున్న మగవాళ్లు రకరకాల వేషాలు కడతారు. పులి వేషం కడతారు, చీర కట్టి ఆడవేషమూ కడతారు. మా వీధి పెద్దలు కూడా కట్టారు. అమ్మవారి ముందు వాళ్లు అలా నడుస్తుంటే జనం దండం పెడతారే కానీ, ప్రకృతికి విరుద్ధమని ఎవరూ అనరు. మనవాళ్ల భక్తిలో అంత చోటుంది. ఆ చోటు ఇంట్లో ఎందుకు లేదన్నదే నా బాధ.

ఇక ‘మగవాడు సంపాదించాలి, ఆడది ఇల్లు చూసుకోవాలి’ అన్న మాట. నేను పట్టు మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. బరంపురం పట్టు చీర అంచున గుడి గోపురాల్లా వరసగా లేచే కుంభాలు మీరు చూసే ఉంటారు. ఆ చీర నేసేది నాన్న అని అందరూ అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. కానీ నాన్న మగ్గం ఎక్కేసరికి అమ్మ రెండు గంటల పని ముగించి ఉండేది. రాట్నం ముందు కూర్చుని పట్టు నూలును కండెలకు చుట్టేది. పోగు తెగితే వేలితో తడిమి పట్టుకుని అతికేది. మధ్యలో లేచి వంట, మళ్లీ రాట్నం. కండె లేకపోతే, మగ్గం మీద అటూ ఇటూ పోగు వేసే నాడె ఖాళీ, నాడె ఖాళీ అయితే మగ్గం ఆగిపోతుంది. అమ్మకు జ్వరం వచ్చిన రోజుల్లో మా ఇంట్లో మగ్గం చప్పుడు వినిపించేది కాదు.

నన్ను బళ్లో వేసినప్పుడు తండ్రి వృత్తి దగ్గర ‘నేత’ అని రాశారు. తల్లి వృత్తి దగ్గర అడ్డగీత గీశారు. కొన్నేళ్ల క్రితం నేతవాళ్ల వివరాలు రాసుకోవడానికి ఒకాయన ఇంటికి వచ్చాడు. మీరేం చేస్తారమ్మా అని అడిగితే, ‘నాకేటి పని బాబూ, ఇంటికాడే ఉంటాను’ అంది అమ్మ. అలా అంటున్నప్పుడు కూడా ఆవిడ చేతిలో కండె ఉంది. యాభై ఏళ్ల పట్టు పోగు ఒరిపిడికి అమ్మ చూపుడువేలి మీద సన్నని గాడి పడింది. ఆ గాడిని ఆయనకు చూపించి, ఈవిడ పేరు ఎదురుగా కూడా నేత అని రాయండి అన్నాను. మగ్గం మీద కూర్చునే వాళ్లవే రాస్తామన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. తనకు పని లేదని అమ్మే నమ్మేలా పెంచాం కదా, ఆ దుఃఖం మాత్రం ఇంకా పోలేదు.

మా గంజాం జిల్లా పల్లెల సంగతి చూడండి. వేలాది మంది మగవాళ్లు సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్లి ఏడాదికోసారి వస్తారు. అన్ని నెలలూ విత్తనాలు కొనేది, కూలీలను పిలిచేది, బ్యాంకుకు వెళ్లేది, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కిస్తీ కట్టేది ఆడవాళ్లే. ఒడిశాలో ఈ ఆడవాళ్ల సంఘాల కోసం ప్రభుత్వం పెట్టిన మిషన్ శక్తి 2001లో మొదలైంది, ఇప్పుడు సంఘం లేని పల్లె కనిపించదు. ‘ఇల్లు చూసుకోవడం’ అన్న రెండు మాటల్లో ఈ పనులన్నీ దాగిపోతున్నాయి.

‘పూర్వం విడాకులు లేవు’ అన్నదానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. అంతకుముందు చాలామందికి విడిపోయే దారే లేదు. దారి లేకపోవడాన్ని సుఖం అనకూడదు. పైగా మన కళింగ సీమలో కష్టం చేసుకు బతికే చాలా కులాల్లో మారుమనువు ఉండేది. పెద్దల్లో కూర్చుని, ఓలి సొమ్ము లెక్క తేల్చుకుని విడిపోయేవారు, మళ్లీ పెళ్లి చేసుకునేవారు. ఓలి అంటే పెళ్లికొడుకు వైపు వాళ్లు ఇచ్చేది. ఆ ఇళ్లలోనే ఇప్పుడు కట్నం అడుగుతున్నారు. ఏది పూర్వం, ఏది ఆచారం అని మెసేజ్ రాసినవాళ్లు మన ముసలివాళ్లను అడిగి ఉంటే బాగుండేది.

టెన్షన్లు లేవన్నది ఇంకా పెద్ద అబద్ధం, అది మగవాళ్లకే ఎక్కువ అన్యాయం చేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి మనవాళ్లు గుంపులు గుంపులుగా తిరిగి వచ్చారు. మాకు వరసకు బావ అయ్యే ఒకాయన ఊరి బడిలో క్వారంటైన్‌లో ఉన్నాడు. పని పోయి అప్పటికే రెండు నెలలైంది, చేబదుళ్లు చేసి ఇంటికి డబ్బు పంపాడు, ఆ మాట భార్యకు చెప్పలేదు. కిటికీ బయట నిలబడి ఆవిడ ‘చెబితే నేను గాజులు తాకట్టు పెట్టేదాన్ని కదా’ అంటే, తల వంచుకుని ‘మగాణ్ణి, ఎలా చెప్పను’ అన్నాడు. ఆయన పాత్ర ఏమిటో ఆయనకు బాగా తెలుసు. ఆ రెండు నెలలూ ఆయనను నిద్రపోనివ్వనిది అదే.

‘ఆడ పిల్ల’ మాట నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది మాటల గారడీ. ఆడ అంటే స్త్రీ, పాత తెలుగులో ‘ఆడుది’ అనేవారు. అక్కడ అన్న అర్థాన్ని తెచ్చి అతికించారు. ఆస్తి మాటకొస్తే మన సరిహద్దు కథ తెలుసుకోవాలి. ఆంధ్రలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో అన్నదమ్ములతో సమానంగా హక్కు వచ్చింది. ఒడిశాలో ఉన్న ఆడపిల్ల 2005 సెప్టెంబర్ 9 దాకా, కేంద్ర చట్టం మారేదాకా ఆగాల్సి వచ్చింది. ఇచ్ఛాపురానికి, బరంపురానికి మధ్య గంట ప్రయాణం కూడా లేదు. ఇరవై ఏళ్లు ఆ పక్క కూతురు వారసురాలు, ఈ పక్క కూతురు ‘అక్కడి పిల్ల’. గీత గీసింది మనుషులు, చెరిపింది మనుషులు.

ఠాకురాణీ అమ్మవారు కూడా యాత్ర రోజుల్లో గుడి వదిలి దేశీ బెహెరా వీధికి, తన పుట్టింటికి వస్తుంది. ఊరంతా కలిసి ఎంత సంబరంగా తీసుకొస్తామో మీకు తెలుసు. ఇంటి ఆడబిడ్డ పొలం కాగితం మీద తన పేరు అడిగితే మాత్రం రాకపోకలు మానేస్తున్నాం.

ఇక తెలుగు భాష. 1936లో ఒడిశా ఏర్పడి మనం ఇటు ఉండిపోయాక, తెలుగు నిలిచేదీ పోయేదీ బడి బట్టే ఉంది. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టారు. ఆడవాళ్లను గడప దాటవద్దని చెప్పి ఆయన ఆ భాషను కాపాడలేదు.

మా తమ్ముడి పిల్లల్నే చూడండి. మేనల్లుడికి ఒడియా, ఇంగ్లీషు వస్తే చాలన్నారు, ఉద్యోగం కావాలి కాబట్టి. మేనకోడలికి మాత్రం ఆంధ్రా సంబంధం చూడాలి కాబట్టి తెలుగు రావాలన్నారు. ఆ పిల్లకు తెలుగు అంటే పెళ్లిచూపుల పరీక్షలా తయారైంది, అందుకే పుస్తకం తీయమంటే ఏడుస్తుంది.

చిన్నాన్నా, మన ఇంట్లో మీ చేతిరాతంత చక్కటి రాత ఎవరికీ లేదు. ఆదివారాలు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి గుణింతాలు దిద్దించండి. పలకలు నేను కొని తెస్తాను.