నాటికను ఎదురుగా కూర్చునే చూడాలి

ఏటా క్రిస్మస్‌కు కుటుంబమంతా కలిసి నాటికలు, పాటల కార్యక్రమాలు చూడడంలోని ఆనందాన్ని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో చక్కగా వివరించారు. అయితే తీరిక లేనివారు వాటిని ఫోనులో చూసినా సరిపోతుందన్న మాటతో నేను ఏకీభవించలేను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ ఊళ్లో తెలుగు, ఒడియా ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో మూడోవంతుకు పైగా క్రైస్తవులే, వారిలో కొండ గ్రామాల సవర గిరిజనులు ఎందరో ఉన్నారు. అందువల్ల డిసెంబరులో తెలుగు, ఒడియా, సవర పాటలు ఒకే వాకిట్లో వినిపించడం మాకు అలవాటే.

పసిబాలుడైన యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు ఎంతమందో బైబిల్లోని మత్తయి సువార్తలో చెప్పలేదు కాబట్టి, అడిగిన పిల్లలందరికీ ఆ వేషం ఇవ్వడం మా పెద్దలు పాటిస్తున్న మంచి పద్ధతి. కిందటేడు తలకు తువ్వాలు చుట్టుకుని గొల్లవాడిగా నిలబడ్డ మా మేనల్లుడు మాట మరచిపోతే, ముందు చాప మీద కూర్చున్న మా అమ్మ మెల్లగా అందించింది. వాడు గట్టిగా చెప్పగానే హార్మోనియం వాయిస్తున్న పెద్దాయన సైతం చేతులు ఆపి చప్పట్లు కొట్టారు. ఆ మాట ఫోనులోంచి ఎవరు అందించగలరు?

సూరత్‌లో పనిచేసే మా తమ్ముడికి మేమూ వీడియో పంపుతాం, దూరాన ఉన్నవారికి అది మేలే. ఊళ్లోనే ఉన్నవారు మాత్రం దయచేసి పిల్లలను వెంటబెట్టుకుని రండి.