సబ్‌ల మోతలో బేస్ గిటార్ గల్లంతు

హైదరాబాద్‌లో పెద్ద సినిమా సంగీత కచేరీకి వెళ్తే ఎల్ఈడీ తెరలు, లేజర్లు, పొగ, అన్నీ ఉంటాయి. పాట మొదలవగానే సబ్‌ల (అడుగు శబ్దాలు పలికే పెద్ద స్పీకర్లు, సబ్‌వూఫర్లు) మోతకు ఛాతీ అదురుతుంది, చేతిలో నీళ్ల సీసా వణుకుతుంది. వేదిక మీద ఒకాయన రెండున్నర గంటల పాటు నాలుగు లావు తీగల మీద వేళ్లు పరిగెత్తిస్తూనే ఉంటాడు. ఏం వాయించాడో కింద ఉన్న జనంలో దాదాపు ఎవరికీ తెలియదు. బేస్ గిటార్ తెర మీద కనిపిస్తుంది తప్ప చెవిదాకా రాదు. ఇందులో వాయించేవాడి తప్పు లేదు. తప్పంతా వాద్యాల శబ్దాలను కలిపి హెచ్చుతగ్గులు సరిచేసే మిక్సింగ్‌ది, అలాంటి మిక్సింగే కావాలని అడిగే నిర్వాహకులది.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. ఇళయరాజా ఎనభైల నాటి పాట ఏదైనా ఫోన్ స్పీకర్‌లోనే పెట్టండి. ఆయన బేస్‌ను వాయించేవాడి ఇష్టానికి వదిలేసే మనిషి కాదు, ఆ స్వరాలు కూడా నొటేషన్‌లో రాసే ఇస్తారు. శశిధరన్ లాంటి బేసిస్టులు వాటికి ప్రాణం పోశారు. బేస్ గిటార్ అడుగు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలు. అంత కింది శబ్దం పలకడం ఫోన్ స్పీకర్ వల్ల అయ్యే పని కాదు. అయినా ఆ బేస్ లైన్ మీకు తెలుస్తుంది, కావాలంటే కూనిరాగం కూడా తీయగలరు. తీగ మోగినప్పుడు 41తో పాటు 82, 123, 164 ఇలా పైన మరికొన్ని స్వరాలు కూడా పుడతాయి. వాటిని పట్టుకుని అడుగున లేని స్వరాన్ని మెదడు తానే పూరించుకుంటుంది. బేస్‌ను మనం రాగంగా గుర్తుపట్టేది చాలావరకు ఈ పై భాగంతోనే, అంటే దాదాపు 80 నుంచి 800 హెర్ట్జ్ లోపు. గోరంత ఫోన్ స్పీకర్ ఇవ్వగలుగుతున్న దాన్ని లారీల్లో తెచ్చిన సౌండ్ సిస్టమ్ ఎందుకు ఇవ్వలేకపోతోంది?

ఎందుకంటే ఆ భాగాన్నే చాలామంది కోసేస్తారు. సౌండ్ బురదగా ఉందని 250 హెర్ట్జ్ చుట్టుపక్కల తగ్గించి, 60 దగ్గర ఎత్తేస్తారు. అక్కడ అప్పటికే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, అదే కిక్ డ్రమ్, తిష్ట వేసి ఉంటుంది. షోకు ముందు జరిగే సౌండ్‌చెక్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ముందు కిక్ డ్రమ్‌ను డుబ్ డుబ్ అని ఎడతెగకుండా కొట్టిస్తారు. బేస్ వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయిందని అరుపులు. షో మొదలయ్యాక కిక్ మోత ఎంతసేపూ ఒకే స్వరంలో సాగుతూ, దాని కింద కదిలే స్వరాలన్నిటినీ కప్పేస్తుంది. బేసిస్ట్ స రి గ ప అని నడిచినా, ఒక్క షడ్జమం దగ్గరే నిలబడిపోయినా బయటికి తేడా తెలియదు. మన ఊళ్లలో చాలా షోలకు సగం పాట ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద నడుస్తుందన్న సంగతి ఇక్కడ ఎత్తను, అదో పెద్ద పంచాయితీ.

ఇంకో ఘోరం సబ్‌వూఫర్లు పేర్చే పద్ధతి. వేదికకు ఎడమన ఒక దొంతర, కుడిన ఒక దొంతర. రెండింటికీ సమదూరంలో, అంటే మైదానం నడి గీత మీద ఉన్నవాళ్లకు రెండు శబ్దాలూ ఒకేసారి చేరి మోత పెరుగుతుంది. పక్కకు జరిగితే ఒకటి ముందు, ఒకటి వెనక చేరతాయి. 41 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. రెండు దొంతరల దూరాల మధ్య తేడా అందులో సగం, అంటే నాలుగు మీటర్ల చిల్లర ఉన్నచోట అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ కూర్చున్నవాడికి అడుగు తీగ స్వరం దాదాపు మాయం. దాని పై తీగ 55 హెర్ట్జ్, దాన్ని మింగడానికి మూడు మీటర్ల తేడా చాలు. అంటే కుర్చీ మారితే ఎగిరిపోయే స్వరమూ మారుతుంది. వేలు పోసి టికెట్ కొన్నవాడికి అందేది చిల్లులు పడ్డ బేస్ లైన్.

ఇంతకీ మిక్సింగ్ కన్సోల్ ఎక్కడ వేస్తారు? ఆ నడి గీత మీదే. సౌండ్ వాళ్లు దాన్ని పవర్ ఆలీ అంటారు. మైదానం మొత్తంలో సబ్‌లు అతిగా వినబడే చోట కూర్చున్న మనిషి, బేస్ దండిగా ఉందనుకుని బేస్ గిటార్ ఫేడర్‌ను (శబ్దం పెంచి తగ్గించే మీటను) ఇంకొంచెం కిందికి లాగుతాడు! సబ్‌లను వేదిక ముందు ఒకే వరసలో పరిస్తే ఈ తేడా చాలావరకు పోతుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. కాకపోతే అక్కడ వీఐపీ సోఫాలు వేయాలి కదా. పోనీ, డిజిటల్ కన్సోల్‌ను ట్యాబ్‌తో నడిపించే సౌకర్యం వచ్చాక ఇంజినీర్ మైదానం మూలలకు నడిచి వెళ్లి వినడానికి ఏం అడ్డం?

ఎలక్ట్రిక్ బేస్ గిటార్ పుట్టిందే వినబడటం కోసం. నిలువెత్తు చెక్క డబుల్ బేస్ బ్యాండ్ హోరులో కలిసిపోతోందని, మోయడమూ కష్టమని లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చాడు. ఆ దారిలో అందరికంటే ముందుకు పోయినవాళ్లు అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్. 1974లో వాళ్లు కట్టిన వాల్ ఆఫ్ సౌండ్‌లో ఫిల్ లెష్ బేస్ గిటార్‌కు ఒక్కో తీగ శబ్దాన్ని విడివిడి స్పీకర్లకు పంపే ఏర్పాటు ఉండేది. జనం మధ్యలో మిక్సింగ్ కన్సోలే లేదు. స్పీకర్లన్నీ బ్యాండ్ వెనకే నిలబెట్టి, ఎవరి శబ్దాన్ని వాళ్ల చేతికే ఇచ్చారు. ఖర్చు భరించలేక ఆ ఏడాదే మానుకున్నారు గానీ, బేస్ ఎంత వినబడాలో బేస్ వాయించేవాడిని అడగాలన్న ఇంగితానికి ఖర్చేముంది?

సౌండ్ ఇంజినీర్లు మూడు మాటలు చెబుతారు. సౌండ్‌చెక్‌కు టైమ్ ఇవ్వరు, కొందరు బేసిస్టులు వేదిక మీద తమ ఆంప్లిఫయర్ పెంచేసి మొత్తం మిక్స్‌ను పాడుచేస్తారు, జనానికి కావాల్సింది ఛాతీ అదరడమే. మొదటి రెండూ నిజమే. మూడోది మాత్రం ఒప్పుకోను. రెహమాన్ బృందంలో ఏళ్ల తరబడి వాయించిన కీత్ పీటర్స్‌ను పేరు పెట్టి గుర్తుపట్టే అభిమానులున్నారు. అదే బృందంతో వేదికలెక్కిన మోహినీ డే బేస్ సోలో వీడియోలను లక్షల మంది చూస్తున్నారు. వాళ్లంతా జనం కాదా?

అసలు రోగం కచేరీలతో ఆగేది కాదు. మోత ఎంత ఎక్కువైతే సంగీతం అంత గొప్పదన్న భ్రమ పెళ్లి బరాత్ దగ్గర్నుంచి నిమజ్జనం ఊరేగింపు దాకా పాకింది. దీనికి మన చట్టం తెలియకుండానే కొమ్ము కాస్తోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఈ కొలత 'ఏ' స్కేల్‌లో జరుగుతుంది. ఆ స్కేల్ 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. 100 ఉన్న సబ్ మోత మీటర్ మీద 70గా కనిపిస్తుందన్నమాట. గాయకుడి గొంతుకు, బేస్ గిటార్ పై స్వరాలకు మాత్రం అంత రాయితీ లేదు. కాబట్టి పోలీసులు వచ్చి తగ్గించమంటే తెలివైన ఆపరేటర్ గొంతును, గిటార్‌ను తగ్గిస్తాడు, సబ్‌ల జోలికి పోడు. పక్క అపార్ట్‌మెంట్‌లో కిటికీ అద్దాలు అదురుతూనే ఉంటాయి, మీటర్ మాత్రం బుద్ధిమంతుడిలా ఉంటుంది.

మత ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. జనం విసిగిపోయారు కాబట్టి మంచిదే. కానీ కచేరీలకు నిషేధం మందు కాదు, సరైన కొలత కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర డెసిబెల్‌కు కాస్త అటూ ఇటూగా మాత్రమే తగ్గించి చూపే 'సీ' స్కేల్ ఉంది, చాలా మీటర్లలో దాని బటన్ ఇప్పటికే ఉంది. అనుమతి పత్రంలో 'ఏ' పక్కన 'సీ' పరిమితి కూడా రాసి, షో జరుగుతుండగా వచ్చి కొలవాలి. అప్పుడు సబ్‌లు దించక తప్పదు, కిక్ తగ్గించక తప్పదు. బేసిస్ట్ ఏం వాయిస్తున్నాడో మైదానం చివరి వరసకు కూడా తెలుస్తుంది.